మూసారాముడి వారసులు

గన్‌ఫౌండ్రీ పేరు ఎవరైనా ఎత్తితే నాకు వెంటనే తెలుగు సంగీత సమీక్ష గుర్తొస్తుంది. దీనికి కారణం ఉంది. హైదరాబాదులోని ఆ పేటకి ఉర్దూలో తోప్ కా సాంచా అని పేరు. అంటే ఫిరంగి మూస. 1786లో రేమండ్ అనే ఫ్రెంచి దొర, రెండో ఆసఫ్‌జా కొలువులో ఉంటూ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. కొలిమిలో లోహం కరగాలి, మూసలో పడాలి, చల్లారాలి. బయటికొచ్చిన ప్రతి ఫిరంగీ పక్క ఫిరంగికి కవల.

రేమండ్ పేరు నోరు తిరక్క మన జనం ఆయన్ని మూసారాం అన్నారు. మలక్‌పేట దాటాక వచ్చే మూసారాంబాగ్ ఆయన పేరు మీద వెలిసిందే. పేరులోనే మూస పెట్టారంటే ఆనాటి హైదరాబాదు జనానికి ఎంత ముందుచూపో చూడండి. 1798లో దొర పోయాడు. ఆ ఏడే ఆయన తీర్చిదిద్దిన పటాలం ఇంగ్లీషువాళ్ల ఎదుట యుద్ధమన్నది లేకుండా ఆయుధాలు కింద పెట్టేసింది. కొలిమి ఆరింది. గోడలు పెచ్చులూడాయి. మూస మాత్రం పోలేదు, చేతులు మారింది. ఇప్పుడు అందులో పోస్తున్నది కంచు కాదు, మెచ్చుకోలు.

నమ్మకం లేకపోతే ఏ సోమవారమైనా పత్రిక తెరిచి జిల్లా పేజీ చూడండి. ఫలానా విద్వాంసుడు తన వీణావాదనంతో శ్రోతలను మంత్రముగ్ధులను చేశారు. వీనులవిందుగా సాగిన కచేరీ రసజ్ఞులను ఓలలాడించింది. సహకార వాద్యాలు చక్కగా అమరాయి. అంతే, పోత పూర్తయింది. వీణ తీసేసి వేణువు పెట్టండి, అతుకు కనబడదు. వేణువు తీసి హరికథ పెట్టండి, అప్పుడూ కనబడదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఈ నగరంలో అలరించని కళాకారుడు ఒక్కడూ లేడు. శ్రోతలంతా ఎప్పుడూ మంత్రముగ్ధులే. స్పృహలో ఉన్న శ్రోతని ఇంతవరకు ఏ విలేఖరీ చూసి ఎరగడు.

కచేరీ వార్త అంటే పాపం, రాత్రి తొమ్మిదింటికి ఆఫీసుకి చేరి పదింటికి పేజీకి ఎక్కించాలి. దాన్ని క్షమిద్దాం. నేను చెప్పబోయేది రికార్డు సమీక్షల గురించి. సీడీ ఇంటికే వస్తుంది. సాయంకాలం టీ తాగుతూ, కాళ్లు చాపుకుని, ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకుని వినొచ్చు. తొందర పెట్టేవాడు లేడు. ఆ తీరికలోనే అసలైన పోత పని జరుగుతుంది.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. ఐఐటీ గైడ్లకీ, అట్టలూడిన డిటెక్టివ్ నవలలకీ మధ్య ఒక సీడీల కట్ట కనబడింది. అన్నీ శాస్త్రీయ సంగీతమే. అరుదైన కీర్తనలు, అపూర్వ రాగాలు, మరుగునపడిన వాగ్గేయకారులు. పై పొర కాగితం చిరగలేదు, కనీసం గోరు గీత కూడా లేదు. ఒక్కోదాని మీద సిరాతో, గౌరవనీయులైన సంగీత విమర్శకులకు సభక్తికంగా అని రాసి ఉంది.

“తీస్కో సార్, ఇరవై రూపాలు. కొత్తదే, సీల్ సుత తియ్యలే” అన్నాడు అమ్మే కుర్రాడు.

“ఎక్కడివయ్యా ఇవి?”

“ఓ పెద్దసారు ఇంట్ల పాత పేపర్లతోని వచ్చినయ్. ఇంకో సంచెడున్నయ్. అన్నీ గిట్లనే ఉన్నయ్ సార్, ఒక్కటి సుత ఇప్పలే.”

ఆ పెద్దసారు ఎవరో నాకు తెలుసు. పేరు చెప్పను. చేతిలో ఉన్న సీడీ మీద ఆయన రాసిన సమీక్ష కూడా నేను చదివాను. మళ్లీ మళ్లీ వినాలనిపించే సంకలనం అని ముగించారు. మళ్లీ మళ్లీ అనడానికి ముందు మొదటిసారి అనేది ఒకటి ఉండాలి కదా అని సందేహం వచ్చింది గానీ, ఫుట్‌పాత్ మీద అడిగితే బాగుండదని ఇరవై రూపాయలిచ్చి వచ్చేశాను.

ఈ సమీక్షలకి ప్రాణవాయువు లాంటి మాట ఒకటుంది. అరుదైన. దాని మహిమ వివరిస్తాను. ఎవరైనా తోడి వాయించారనుకోండి. మూడో వరుసలో తులసిమాల తిప్పుకుంటున్న బామ్మ కూడా గాంధారం దగ్గర చెవి రిక్కిస్తుంది. తేడా వస్తే నుదురు చిట్లిస్తుంది. కల్యాణి వాయిస్తే పక్కింటి పిల్ల కూడా తప్పు పడుతుంది, నిన్ననే వర్ణం నేర్చుకుంది మరి. అరుదైన రాగం ఎత్తుకుంటే ఈ బాధ లేదు. ఎక్కినంత మేరా ఆరోహణ, జారినంత మేరా అవరోహణ. తప్పు వాయిస్తే అది ప్రయోగం. అసలు వాయించకపోతే అది మౌనం, దానికి ఇంకో పేరా మెచ్చుకోలు. వాయించేవాడికి పట్టుబడతానన్న భయం లేదు, రాసేవాడికి పట్టుకోవాలన్న బాధ్యత లేదు. ఇంత ప్రశాంతమైన ఒప్పందం భార్యాభర్తల మధ్య కూడా ఉండదు.

72 మేళకర్తల్లో 40 వివాది మేళాలున్నాయి. వాటి స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి కనుక పాతవాళ్లు అంత తేలిగ్గా ముట్టుకునేవాళ్లు కాదు. ఇప్పుడు వివాది మేళాల సంకలనమంటే చాలు, సమీక్ష ఖాయం. పేరుకి వివాదులేగాని ఒక్క సమీక్షలోనూ వివాదం ఉండదు.

మరీ పండితులైన సమీక్షకులు ఈ అరుదైన రాగాల సంగీతాన్ని ఛాంబర్ మ్యూజిక్ అంటున్నారు ఈ మధ్య. యూరప్‌లో ప్రభువుల ఇళ్లలో, గది దాటని శ్రుతిలో, ఇద్దరు ముగ్గురు నలుగురు కూర్చుని వాయించుకున్నది అది. హైడన్ అనే స్వరకర్త ఒక్కడే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాయించే నలుగురి కోసం 68 రచనలు చేశాడంటారు. మన విజయనగరంలో, బొబ్బిలిలో వీణలు పలికిందీ అలాంటి గదుల్లోనే. తంబుర మోత, మైనం మీద కూర్చిన మెట్లు, ఎదురుగా చాప మీద నలుగురు. ఇప్పుడు హైదరాబాదులో గది కోసం ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. ఎంత పెద్ద హాలు తీసుకున్నా, శాస్త్రీయ సంగీతమనగానే అది తనంతట తనే గది అయిపోతుంది. ముప్ఫై మంది ఉంటారు. అందులో పదకొండు మంది వేదిక మీదే.

వేదిక మీద వాళ్లెవరంటారా? ఆవిష్కర్తలు. పాత రోజుల్లో రికార్డు విడుదలయ్యేది, ఇప్పుడు ఆవిష్కరింపబడుతుంది. బంగారు రంగు కాగితంలో చుట్టిన సీడీని ముఖ్య అతిథి విప్పి, రెండు చేతులా గుండెల దగ్గర పట్టుకుని, కెమెరావైపు తిరుగుతాడు. మిగతా పదిమందికీ తలా ఒకటి. తిరగేసి పట్టుకున్న సాహిత్యాభిమానిని పక్కవాడు మోచేత్తో పొడిచి సరిచేస్తాడు. నాకు సంగీతం తెలియదు కానీ, అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడతారు. ఆ మొదటి ముక్క ఒక్కటే నిజం. ఈలోపు ఏసీ చలికి వీణ తీగలు శ్రుతి తప్పుతాయి, మృదంగం ఎడమ మూతకి పెట్టిన రవ్వ ఎండిపోతుంది. ఆనాటి మొత్తం కార్యక్రమంలో వినబడనిది ఒక్కటే, ఆ సీడీ. అది వినిపించడానికి హాల్లో ప్లేయరే ఉండదు. తర్వాత శాలువాలు. హైదరాబాదు మేలో శాలువా కప్పించుకుని చిరునవ్వు నవ్వగలగడం కూడా ఒక సాధనే, దానికి ఇంతవరకు సమీక్ష రాలేదు.

కవరు సంగతి మరిచాను. సీడీ కవరు వెనక నాలుగు వాక్యాలు ఉంటాయి, కళాకారుడి గురువుగారు రాసిస్తారు. సమీక్షకుడు వాటిని ఎత్తి, రెండు విశేషణాలు తాలింపు పెట్టి, పత్రికకి పంపుతాడు. అచ్చయిన సమీక్షలోంచి ఒక వాక్యం తీసి మరుసటి సీడీ కవరు మీద వేస్తారు, ప్రముఖ దినపత్రిక ప్రశంస అని. రెండో సీడీ సమీక్షకుడు దాన్ని చదివి, ఇప్పటికే విమర్శకుల మన్ననలు పొందిన, అని మొదలెడతాడు. పాము తన తోక తనే మింగుతోంది. మెచ్చుకుంటున్నదీ అదే, మెప్పు పొందుతున్నదీ అదే. ఈ చక్రంలో ఎక్కడా చెవికి పని లేదు.

గన్‌ఫౌండ్రీలోనే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉంది. దాని గంటలు పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీ నుంచి వచ్చాయి. అవీ పోత పోసినవే. ఇన్నేళ్లలో వాటి మీద ఎవరూ సమీక్ష రాయలేదు, ఎవరూ శాలువా కప్పలేదు, అయినా వేళకి మోగుతున్నాయి. ఆ మాట పక్కన పెడదాం.

తెల్లవాళ్లు మనకంటే నయమని ఎవరైనా అనుకుంటే జాయిస్ హాటో కథ వినాలి. ఈమె ఇంగ్లండు పియానో విద్వాంసురాలు, 1928లో పుట్టింది. కచేరీలు మానేసి ఎన్నో ఏళ్లయింది, క్యాన్సరు. చివరి ఏళ్లలో ఆమె పేరున ఒకటి కాదు రెండు కాదు, వందకి పైగా సీడీలు వచ్చాయి. భర్తగారి సొంత కంపెనీయే విడుదల చేసింది. చేయి తిరిగిన వాళ్లు కూడా జంకే రచనలన్నీ వాటిలో ఉన్నాయి. సమీక్షకులకి పండగ. రోగంతో పోరాడుతూ, లోకానికి తెలియకుండా మూలగదిలో కూర్చుని ఇంత సాధించిందా అని చేతులెత్తి మొక్కారు. ప్రపంచం గుర్తించని మహా విద్వాంసురాలిని తామే గుర్తించామన్న తృప్తి వేరే.

2006లో ఆవిడ పోయింది. 2007 ఫిబ్రవరిలో ఎవరో ఒకాయన లిస్ట్ అనే స్వరకర్త రచనలతో వచ్చిన ఆమె సీడీని కంప్యూటర్‌లో పెట్టాడు. కంప్యూటర్‌కి గౌరవం, మర్యాద తెలియదు కదా, డిస్కులో పాటల నిడివి లెక్కగట్టి, ఇది లాస్లో సైమన్ వాయించినది అని తెర మీద చూపించింది. ఆరా తీస్తే ఒకటి వెనక ఒకటి బయటపడ్డాయి. అన్నీ ఎవరెవరివో రికార్డులు. కొన్నిటికి వేగం కాస్త పెంచి, కొన్నిటికి తగ్గించి పేరు మార్చారు. మొదట కాదన్న భర్త చివరికి ఒప్పుకున్నాడు.

మోసం మోసమే, దాన్ని వదిలేద్దాం. నాకు నవ్వొచ్చేది ఇంకో చోట. ఆ సైమన్ వాయించిన రికార్డు అంతకుముందు నుంచీ అదే అంగట్లో అదే పేరుతో ఉంది. దాని గురించి ఇంత గోల ఎవరూ చేయలేదు. అవే వేళ్లు, అదే పియానో. పేరు మార్చి, పక్కన ఒక కన్నీటి కథ పెట్టగానే మహాద్భుతమైంది. సమీక్షకులు విన్నది కథని. ఇంతమంది పండితులకి పట్టని సంగతి పట్టింది ఒక యంత్రం. అదీ విని కాదు, నిడివి కొలిచి.

పాత పెట్టెలో దొరికిందంటే చాలు, లోకం ఎక్కడైనా చెవులు మూసుకుంటుంది. వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్ ఎన్నో ఏళ్లు కొన్ని చిన్న రచనలని పాత ఇటలీ, ఫ్రాన్సు వాగ్గేయకారుల పేర్లతో వాయించి, 1935లో అవన్నీ నావేనయ్యా అన్నాడు. 1961 జూన్‌లో బీబీసీలో హాన్స్ కెల్లర్, సుజన్ బ్రాడ్షా అనే ఇద్దరు ఒక స్టూడియోలో దొరికిన వాయిద్యాల మీద తోచినట్టు దడదడలాడించి, ప్యోతర్ జాక్ అనే పోలండు యువకుడి సమకాలీన రచన అని ప్రసారం చేశారు. అలాంటి యువకుడే లేడు. సమీక్ష రాసినవాళ్లకి అది నచ్చలేదు, ఆ మాటే రాశారు. మోసమన్న అనుమానం మాత్రం రాలేదు. అయినా వాళ్లని నేను గౌరవిస్తాను. కనీసం విని తిట్టారు. మనవాళ్లయితే ఆ యువకుడికి శాలువా కప్పి ఉండేవారు.

విని తిట్టుకున్న రోజులు మనకీ ఉన్నాయి. 1980ల మొదట్లో, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు కొత్త రాగాలు సృష్టించానన్నప్పుడు వీణ ఎస్.బాలచందర్ గారు అవెక్కడి కొత్త రాగాలని గొంతు చించుకున్నారు. నాలుగు స్వరాలతో లవంగి అంటే రాగమా కాదా అని మద్రాసు నుంచి విజయవాడ దాకా చర్చ. ఎవరు గెలిచారన్నది నాకు అనవసరం. ఆ పోట్లాటలో ప్రతివాడూ స్వరం పేరు పెట్టి మాట్లాడాడు. ఇప్పుడు లవంగి లాంటిది ఇంకొకటి పుడితే మనం అరుదైన ప్రయోగం అని చెప్పి, భోజనాలకి లేచిపోతాం.

ఇక నిజమైన మెప్పు ఎలా ఉండేదో చెప్పనా? ఓలేటి వెంకటేశ్వర్లు గారు విజయవాడ ఆకాశవాణిలో పని చేశారు, శ్రీపాద పినాకపాణి గారి శిష్యుడు. ఆయన పేరు అంగడి రికార్డుల వల్ల పైకి రాలేదు. ఆయన్ని రేడియోలో విన్నవాళ్లు, రేడియో పక్కన టేపురికార్డరు ఆనించి, ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా సైగలు చేసి పట్టుకున్నవాళ్లు, అక్కణ్నుంచి చేతులు మారిన క్యాసెట్టుకి క్యాసెట్టు ఎక్కించుకున్నవాళ్లు, వాళ్లే ఆయన సమీక్షకులు. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా ఉంటుంది ఆ టేపుల్లో. ఒకాయన తన పెళ్లి క్యాసెట్టు చెరిపి దాని మీద ఓలేటి గారిని ఎక్కించాడని భార్య నాకే ఫిర్యాదు చేసింది. ఇంతకంటే గొప్ప ప్రశంసా వాక్యం తెలుగులో ఇంతవరకు ఎవరూ రాయలేదని నా అభిప్రాయం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుని మూడు నిమిషాలు పట్టే 78 ఆర్.పి.ఎం. ప్లేటు మీద, ముల్లు మార్చి మార్చి గాడి అరిగేదాకా విన్నవాళ్ల సంగతీ అంతే. అరిగిన గాడి అబద్ధం చెప్పదు. అరగని సెల్లోఫేన్ కాగితమూ చెప్పదు.

మొన్న ఒక వీణ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. రెండేళ్ల కిందట తను వేసిన సీడీ ఒకటి తెచ్చింది. మృదంగం కూడా లేకుండా, తంబుర ఒక్కటి పెట్టుకుని, ఎనిమిది అపూర్వ రాగాలు. సొంత డబ్బుతో స్టూడియో తీసుకుని వాయించింది.

“అంకుల్, దీనికి పదకొండు రివ్యూలు వచ్చాయి” అంది.

“సంతోషం అమ్మా.”

“కవరు మీద అచ్చు తప్పు పడింది అంకుల్. మూడోదీ అయిదోదీ తారుమారయ్యాయి. మూడోది గరుడధ్వని అని వేశారు. నిజానికి అది కోకిలధ్వని. అయిదోది కోకిలధ్వని అని వేశారు. అది గరుడధ్వని.”

నేను గొంతు సవరించుకున్నాను.

“పదకొండు మందీ మూడోదాన్ని మెచ్చుకుంటూ గరుత్మంతుడు రెక్కలు విప్పి ఆకాశానికి ఎగసినట్టుంది అన్నారు. అది కోయిల అంకుల్. అయిదోది వినగానే మామిడి కొమ్మ మీద కోయిల కూసినట్టుంది అన్నారు. అది గరుత్మంతుడు.”

ఆ అమ్మాయి నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. సంచీలోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టింది. గన్‌ఫౌండ్రీలో ఏదో బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన రాసింది. చేతి వణుకు తెలుస్తోంది. అమ్మా, మీ మూడో రచన గరుడధ్వని అని వేశారు. ఆ రాగం దిగేటప్పుడు నిషాదమూ మధ్యమమూ వదిలేయాలి కదా. మీరు రెండూ వేస్తున్నారు. అచ్చు తప్పా, నా చెవి తప్పా? ఏడో దాంట్లో రెండో నిమిషం దాటాక పంచమం తీగ శ్రుతి కొద్దిగా దిగింది, చూసుకోండి. మిగతావి బాగున్నాయి.

“శ్రుతి దిగిన మాట నిజమే అంకుల్. నేనూ తర్వాత చూసుకున్నాను. రెండో సీడీ వేస్తున్నాను, మీరు సమీక్ష రాయాలి. ఒక్క తప్పు పట్టుకోండి చాలు. మెచ్చుకోకపోయినా పర్లేదు.”

ఆ పదకొండింటిలో ఒకటి నాది. గరుత్మంతుడు రెక్కలు విప్పడంతో సరిపెట్టక, వైకుంఠం దాకా ఎగిరించింది నేనే. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసు. పేపరు కోత తన దగ్గరే ఉంది. నాకు తెలుసని తనకి తెలుసు. అయినా అంకుల్ అనే అంటోంది.

“తప్పకుండా అమ్మా. ఈసారి నిమిషం నిమిషం విని రాస్తాను. నీ కష్టం ఊరికే పోనిస్తానా?” అన్నాను, సీడీని రెండు చేతులా గుండెల దగ్గర పట్టుకుని. అలవాటు.

అమ్మాయి గుమ్మం దాటి చెప్పులేసుకుంటుంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో సీడీ ప్లేయరు పాడై నాలుగేళ్లయింది.

“అమ్మా, ఒక పని చెయ్యి” అన్నాను. “ఆ కవరు వెనక గురువుగారు రాసింది ఉంటుంది చూడు, అది ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టెయ్. ఈసారి అచ్చు తప్పులు లేకుండా చూసుకోమని ప్రెస్సువాడికి చెప్పు.”